ఉల్లిగడ్డల గొంతు

జూన్ 9, సోమవారం

మాట్లాడొద్దట. నన్ను!

కామారెడ్డిలో చెవి ముక్కు గొంతు డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూశాడు. చూసి చేతులు కడుక్కున్నాడు. పట్నంలో పెద్ద దవాఖాన పేరు చీటీ మీద రాసి, అక్కడికి వెళ్లేదాకా నోరు విప్పొద్దన్నాడు. గొంతు బొంగురుపోయి నెలలైంది. మొదట దుమ్ము అనుకున్నాను. తరువాత పెండ్లిళ్ల ఐస్‌క్రీమ్ అనుకున్నాను. బీడీ అని మాత్రం అనుకోలేదు. బీడీలు చుట్టేది నా పెండ్లాం లక్ష్మీనర్సమ్మ, తాగేది నేను. ఇంటి సరుకు ఒంటికి చెడు చేస్తుందని ఎవడనుకుంటాడు?

ఎల్లారెడ్డిలో మైకు రాజలింగు అంటే చంటిపిల్ల కూడా ఇల్లు చూపిస్తుంది. ఎవరి బర్రె తప్పిపోయినా, ఎవరు పోయినా, బట్టల దుకాణం కొత్తగా తెరిచినా ఊరికి తెలిసేది నా గొంతుతోనే. ఇప్పుడు ఆటోలో కూర్చొని ఎవరూ అరవడం లేదు. నా దగ్గరికి వచ్చి మాటలు రికార్డు చేయించుకొని, మెమరీ కార్డులో వేసుకొని పోతారు. "ఉల్లిగడ్డాలో ఉల్లిగడ్డ, ఎర్ర ఉల్లిగడ్డ, ఎండిన ఉల్లిగడ్డ, ఇంటి ముంగటికొచ్చింది ఉల్లిగడ్డ" అని కామారెడ్డి దాకా ఏ గల్లీలో వినిపించినా అది నేనే. అట్లాంటి వాడిని పట్టుకొని నోరు మూసుకొమ్మన్నాడు.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడేది నేను, వినేది ఆమె. ఇప్పుడు వినడానికి ఏమీ లేక బీడీల చాట ముందర పెట్టుకొని నా మొఖమే చూస్తున్నది. అందుకే ఈ పుస్తకం తీశాను. నర్సమ్మకు అక్షరం రాదు. ఏమి రాసుకున్నా నాకే.

జూన్ 10

మూడుసార్లు మాట్లాడాను. చిన్న మాటలే. లెక్కలోకి రావు.

జూన్ 17, మంగళవారం. పట్నం దవాఖాన

గొంతులోకి గొట్టం దించి ముక్క తీయాలన్నారు. మత్తు ఇవ్వకముందు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. పేరు రేఖ. పెద్దకొడప్‌గల్ దగ్గర తండా వాళ్లట. ఆ మాట తీరు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే ఉండింది.

వాళ్ల దగ్గర కొత్త మిషన్ ఉంది. అది పనికొస్తుందో లేదో ఇంకా చూస్తున్నారు. నేను ఒప్పుకుంటే, ఎట్లాగూ ముక్క తీస్తున్నారు కనుక, గొంతులో నాలుగు చోట్ల లేజర్ తాకిస్తారు. నువ్వుగింజకన్నా చిన్న చుక్క. అక్కడి కండ ఆవిరైపోతే ఆ ఆవిరిని సన్న గొట్టంతో పీల్చి మిషన్‌లోకి పంపిస్తారు. అందులో ఉన్న కొవ్వు ఎలాంటిదో మిషన్ చెబుతుంది. మంచి కండలో కొవ్వు ఒక తీరు, కాన్సర్ కండలో ఇంకో తీరు.

నేను బీరిపోయి చూస్తుంటే ఆమె మంచం అంచున కూర్చున్నది. "బాపూ, నెయ్యి కాగితే ఒక వాసన, డాల్డా కాగితే ఇంకో వాసన. కండ్లు మూసుకున్నా చెప్తవు గదా. మిషన్ గూడ గంతే. ఏడిదాక చెడ్డదో, ఏడికెళ్లి మంచిదో అంచు దొరికిచ్చుకుంటది. అంచు తెలిస్తే మంచిది కొయ్యకుంట ఇడిచిపెట్టొచ్చు."

ఇది మందు కాదు, చూసుడు మాత్రమే అని రెండుసార్లు చెప్పింది. ఏం కోయాలన్నది ముక్క పరీక్ష చూసిన తరువాతే పెద్ద డాక్టర్లు చెబుతారట. సంతకం పెట్టాను. నెయ్యి, డాల్డా. ఎంత చక్కగా చెప్పింది!

జూన్ 19

ఇంటికి వచ్చాం. గల్లీ అంతా వచ్చి పోయింది. లేజర్ కొట్టారంటే రోగం కాలిపోయినట్టే అని ఒకడు, ఇంక బీడీ తాగొచ్చని ఇంకొకడు. పక్కింటి రామవ్వ అయితే తన మొలలకు కామారెడ్డిలో లేజరే కొట్టారని అందరి ముందూ చెప్పింది. నవ్వొచ్చింది. అసలు సంగతి తెలిసింది నాకొక్కడికే.

బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించాను. రోగం గుర్తు కొవ్వులో ఉంది. అంటే రోగం బతికేది కొవ్వు మీదే. కొవ్వు అందకపోతే ఎండిపోయి చస్తుంది. డాక్టరమ్మ నోటితో చెప్పలేదు, కానీ నెయ్యి పేరు, డాల్డా పేరు ఊరికే తీసిందా? తెలివైనవాడు సైగతో తెలుసుకోవాలి. మా అవ్వకు పసిరికలై ఒళ్లంతా పచ్చబడ్డప్పుడు నూనె బందుపెట్టి, ఉత్త చారు బువ్వ పెడితేనే కదా లేచి కూర్చున్నది.

నర్సమ్మకు గుసగుసగా చెప్పాను. గుసగుస మాట కిందికి రాదు. నూనె, నెయ్యి, పాలు, గుడ్డు, కూర అన్నీ బందు. మంగళవారం సిస్టరు గుడ్లు తినుమన్నది గదా అని అడ్డం చెప్పబోయింది. సిస్టర్లు అది అందరికీ చెబుతారు. పోతరాజుకూ చెబుతారు, పొట్టేలుకూ చెబుతారు. "నువ్వు వట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అనుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

జూన్ 26, గురువారం

కాన్సరే. ఒక్క పక్కనే, చిన్నగా ఉందట. ఆ పక్క మాట పలికించే తీగ, దాని చుట్టూ కొంత తీసేస్తే చాలన్నారు. "బొంగురుగానైనా మాట్లాడుతవు" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకొని ఎల్లారెడ్డి దాకా వచ్చాను. బొంగురైతే ఏమి? చావు చాటింపుకు బొంగురు గొంతే బాగుంటుంది. ఉల్లిగడ్డ రికార్డు పాతదే నడుస్తుంది.

జూలై 17న ఆపరేషన్. అప్పటిదాకా బరువు తగ్గొద్దట.

రేఖ డాక్టరమ్మ కూడా వచ్చింది. మిషన్ నాలుగు చుక్కల్లో ఒకటి చెడ్డదనీ మూడు మంచివనీ చెప్పిందట, ముక్క పరీక్ష కూడా అదే చెప్పిందట. ఆమెకు చాలా సంతోషంగా ఉంది. నాకు అంతకన్నా సంతోషం. మూడు చోట్ల మంచి కొవ్వే. పథ్యం పని చేస్తున్నది.

జూన్ 27

చుక్కలు తీసింది పథ్యానికి ముందే కదా అని పొద్దున గుర్తొచ్చింది. అయినా సరే. ముందు మూడు మంచివైతే ఇప్పుడు నాలుగూ మంచివై ఉంటాయి.

జూలై 2

గడియారం మోచేతి దాకా జారుతున్నది. లుంగీ నిలవడం లేదు. కొవ్వు పోతున్నది. మందూ మాకూ లేకుండానే.

నర్సమ్మ కూడా నా చారు బువ్వే తింటున్నది. ఆమెకెందుకు అంటే వినదు.

జూలై 6, ఆదివారం

పోచమ్మ బోనాలు. ఎప్పుడూ నేనే మైకు పట్టేది. ఈసారి ఎవరో పిల్లవాడు, సినిమా వాళ్ల లెక్క మాట్లాడుతున్నాడు. ఇంటింటా కోడి కూర వాసన. నాకు నోరూరలేదు. ఆకలి చచ్చిపోయింది, అదీ మంచికే.

అన్నం దగ్గర నర్సమ్మతో చిన్న మాట పట్టింపు. పెద్దదేమీ కాదు.

దుబాయిలో ఉన్న బామ్మర్ది వెంకటికి వాయిస్ మెసేజ్ పెట్టాను. ఫోన్లో మాట్లాడితే మాట్లాడినట్టు కాదు.

జూలై 7

నర్సమ్మ మాట్లాడడం లేదు. ఇంట్లో ఇద్దరు మూగవాళ్లు.

జూలై 8

వంటింటి గోడ మీద మరక. రెండుసార్లు తుడిచింది, పోలేదు. జిడ్డు మరక సున్నం వేస్తే గానీ పోదు. ఆపరేషన్ తరువాత వేయిస్తాను.

జూలై 11

పనుండి కామారెడ్డి వెళ్లాను. బస్టాండ్‌లో కండ్లు తిరిగి కూర్చుండిపోయాను. ఎండ ఎక్కువగా ఉంది.

(ఎండ లేదు. ముసురు పట్టి ఉంది. నాకు నేను కూడా అబద్ధాలు రాసుకోవాలా?)

జూలై 13

పట్నం నుంచి ఫోన్. మంచిగా తింటున్నారా అని. నర్సమ్మ ఫోన్ పట్టుకొని నా వైపు చూసింది. నేను తల ఊపాను. "తింటున్నడమ్మ" అన్నది.

జూలై 17, గురువారం

ఆపరేషన్ చేయలేదు.

రక్తం చూశారు, తూకం చూశారు. పెద్ద డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని, నెల రోజుల్లో ఈ మనిషి ఏమయ్యాడని అడిగాడు. ఇట్లా ఉంటే మత్తు ఇవ్వలేం, కోసినా పుండు మానదు అన్నాడు. ఏం తింటున్నావంటే అన్నీ తింటున్నా అన్నాను. నర్సమ్మను అడిగారు. ఆమె నేల చూసింది. ఒక్క మాట, నూనె బందు అని ఒక్క మాట చెబితే అయిపోయేది. నా పరువు పోతుందని చెప్పలేదు.

చివరికి రేఖ డాక్టరమ్మే లాగింది నా నోటి నుంచి. పథ్యం అన్నాను. కొవ్వు అన్నాను. నువ్వే చెప్పినవు గదా, నెయ్యి డాల్డా అని. ఆమె మొఖం తెల్లబోయింది. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"బాపూ, గది వాసన గుర్తువట్టుడు గురించి చెప్పిన. తినుడు గురించి గాదు. మనిషి ఒంట్ల ప్రతి కణానికి సుట్టూ గోడుంటది, ఆ గోడ కట్టేదే కొవ్వుతోని. మంచి దానికీ గదే, చెడ్డ దానికీ గదే. నువ్వు తినకుంటే మంచియే కూలుతయి. కాన్సర్‌కు ఏం గాదు, అది ఎట్లయిన గుంజుకొని తింటది." తూకం కాగితం చేతిలోకి తీసుకొని, "గా ముచ్చట నీకెందుకు చెప్పిన్నో" అన్నది.

ఆమె తప్పేముంది? పాపం, ఏడుపు ఒక్కటే తక్కువ ఆ పిల్లకు.

జూలై 18

ముక్కులో నుంచి కడుపులోకి గొట్టం వేశారు. పాలు, గుడ్డు, నూనె అన్నీ కలిపి పోస్తున్నారు. రుచి లేకుండా నెయ్యి తాగుతున్నాను. నవ్వాలో ఏడ్వాలో తెలియడం లేదు.

జూలై 29

బలం వస్తున్నదట. గొంతులో మాత్రం రెండో పక్క కూడా ఏదో గుచ్చుతున్నది. గొట్టం వల్లనే అయి ఉంటుంది.

ఆగస్టు 4

గొట్టం వల్లనే.

ఆగస్టు 11, సోమవారం

గొట్టం వల్ల కాదు.

మళ్లీ మత్తిచ్చి చూశారు. మళ్లీ ముక్కలు, మళ్లీ నాలుగు లేజర్ చుక్కలు. ఈసారి మూడు చెడ్డవి, ఒకటి మంచిది. ముక్క పరీక్ష కూడా అదే చెప్పింది. మిషన్ తప్పు చెప్పి ఉంటే బాగుండునని ఆ డాక్టరమ్మ కూడా అనుకొని ఉంటుంది. అంచు నడిమి గీత దాటి అవతలికి పోయింది. ఇప్పుడు ఒక పక్క తీస్తే సరిపోదు. గొంతు పెట్టె మొత్తం తీసేయాలి. మెడకు రంధ్రం పెడతారు, అందులోంచే ఊపిరి. మాట ఉండదు.

జూలై 17న అయి ఉంటే ఉండేది. ఎవరూ ఆ మాట అనలేదు. నేనే రాస్తున్నాను.

ఆగస్టు 12

రేపు.

నర్సమ్మకు చివరగా ఏదైనా మంచి మాట చెప్పాలని పొద్దటినుంచి అనుకుంటున్నాను. ఇరవై ఏండ్లు ఊరందరి మాటలూ చెప్పినవాడికి ఇంట్లో చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. పేరు పెట్టి పిలుద్దామా అనుకున్నాను, సిగ్గయింది.

ఆగస్టు 13, పొద్దున

స్ట్రెచర్ వచ్చింది. నేను నర్సమ్మతో అన్న మాట: "నా చెప్పులు ఏడ వెట్టినవు?"

అదే ఆఖరుది.

ఆగస్టు 25

అద్దం ఇచ్చారు. చూశాను. తిరిగి ఇచ్చేశాను.

ఆగస్టు 28

ఇయ్యాళ పంపిస్తామన్నారు. ఊరికి దారుల్లేవు. వానలు. పోచారం ప్రాజెక్టు పొంగి పారుతున్నదట, నాగిరెడ్డిపేట దిక్కు బస్సులు బంద్. నర్సమ్మ వార్డు బయట నేల మీద పడుకుంటున్నది. ఆమె కూడా సగమైపోయింది. ఇన్నాళ్లూ నేను చూడలేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం. ఎల్లారెడ్డి

ఇల్లు. వంటింటి మరక అట్లాగే ఉంది.

పది గంటలకు గల్లీ మలుపులో నుంచి నేను వచ్చాను. "ఉల్లిగడ్డాలో ఉల్లిగడ్డ, ఎర్ర ఉల్లిగడ్డ..." కండ గల గొంతు, ఎక్కడా జీర లేదు. రెండేండ్ల కిందిది. మంచం మీద కూర్చొని విన్నాను. మెడలో రంధ్రం దగ్గర గుడ్డ అదురుతున్నది. ఏడ్చినా శబ్దం రాదని ఇవాళ తెలిసింది.

నర్సమ్మ చేతిలో తునికాకు పడేసి ఉరికింది. ఆటో ఆగింది, ఉల్లిగడ్డ తూచేటప్పుడు వాడు స్పీకర్ బందు చేస్తాడు. కిలో కొనుక్కొని వచ్చింది.

సెప్టెంబరు 8

రోజూ కొంటున్నది. మూల నిండా ఉల్లిగడ్డలు. మనిద్దరికీ ఇన్నెందుకని సైగ చేస్తే పట్టించుకోలేదు. నా గొంతు వినాలని ఉరుకుతున్నదనుకుంటా. ఆ మాట నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. ఇంకా సిగ్గు రాలేదు నాకు.

సెప్టెంబరు 14, ఆదివారం

దోమకొండ నుంచి మా అక్క గంగాబాయి వచ్చింది. పెద్దది, నన్ను ఎత్తుకొని పెంచింది. నా మెడ చూసి గడపలోనే కూలబడి ఏడ్చింది. ఏడ్పు అయిన తరువాత నర్సమ్మ మీద పడింది. దవాఖానలో ఎవరో మా ఊరివాళ్లకు చెప్పారట, తిండి లేక ఆపరేషన్ ఆగిందని. దోమకొండ దాకా పోయింది ఆ మాట.

"నా తమ్మునికి నెల దినాలు ఉత్త చారు బువ్వ వెట్టినవటనే. నెయ్యి చుక్క నీ చేతికి బరువైందా? నీ కడుపుల పుడితే గట్లనే ఎండవెట్టేదానివా?"

రామవ్వ, ఇంకా ఇద్దరు ముగ్గురు వాకిట్లో నిలబడి వింటున్నారు. నర్సమ్మ చాట పక్కకు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. నేను లేచాను. కాదు, నేను, నేనే అని ఎదురు రొమ్ము మీద కొట్టుకున్నాను. అక్క భయపడి "గుండెల నొస్తున్నదేమో, పండుకోవెట్టుండ్రి" అన్నది. నన్ను పట్టుకొని పండబెట్టారు. మళ్లీ లేస్తే మళ్లీ పండబెట్టారు. ఈ ఊరికి ఎన్ని సంగతులు చెప్పలేదు నేను! ఈ ఒక్కటి చెప్పే దారి లేదు. రాసి చూపిద్దామంటే అక్కకు గానీ వాకిట్లో వాళ్లకు గానీ అక్షరం రాదు.

"నా తప్పే వదినె" అన్నది నర్సమ్మ. "నేనే వెట్టలే."

అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీశాను. బోనాల నాడు వెంకటికి పెట్టిన మెసేజ్. సౌండ్ మొత్తం పెంచి అక్క ముందర పెట్టాను.

"వెంకటీ, నేనురా బావను. ఇను. మీ అక్క నాకు చెప్పకుంట పప్పుల నెయ్యి ఏసింది. నేను గుర్తువట్టనా? కంచం తీసి గోడకు కొట్టిన. కాళ్లు వట్టుకొని ఏడ్చింది, జెరంత తిను, సగమైపోయినవు అనుకుంట. నేను ఇనలే. ఇంకోసారి నెయ్యి డబ్బ ముట్టుకుంటే పుట్టింటికి తోలిస్త అన్న. నువ్వు జెర బుద్ధి చెప్పు మీ అక్కకు. నేను పట్నంల డాక్టరమ్మ దగ్గర అన్ని తెలుసుకొని వచ్చిన."

చాలా బొంగురు గొంతు. మధ్యలో దగ్గు. చివర నవ్వాను కూడా.

వాకిట్లో వాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. అక్క వంటింటి గోడ దిక్కు చూసింది. చాలాసేపు చూసింది. తరువాత లేచి, తాను తెచ్చిన నెయ్యి డబ్బా నర్సమ్మ చేతిలో పెట్టి, నాతో మాట్లాడకుండా బస్సుకు వెళ్లిపోయింది.

నర్సమ్మ నా పక్కన కూర్చున్నది. తిడుతుందనుకున్నాను. తిట్టాలి. ఫోన్ నా చేతికి ఇచ్చి, "ఇంకోసారి పెట్టు" అన్నది.

పెట్టాను. అయిపోగానే మళ్లీ పెట్టుమన్నది. తట్టుకోవడం నా వల్ల కాలేదు. వీధి దిక్కు చూపించాను: రోజూ వస్తున్నాను కదా, మంచి గొంతుతో, అది విను అని. తల అడ్డంగా ఊపింది.

"అది నీకు ఇనవడొద్దనే ఉరుకుతున్న. కొంటెనే బందువెడుతడు గద వాడు." కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. "అది ఉల్లిగడ్డల గొంతు. గిది మనింటి గొంతు. పెట్టు."

పెట్టాను. కంచం గోడకు కొట్టిన దగ్గరికి వచ్చేసరికి నేను తల దించుకున్నాను. ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నది.